ఏం కోస్తావప్పా?

మా అంగట్లో ఒక గోడంతా వజ్రాలే. ఎగతాళికి అనడం లేదు, నిజం వజ్రాలే. వరసగా కొట్టిన మేకులకు నలభై యాభై బ్లేడ్లు వేలాడుతుంటాయి. ఒక్కో బ్లేడు అంచున కంటికి ఆనీ ఆనని వజ్రపు నలుసులు లెక్కలేనన్ని ఉంటాయి. ఖరీదు నూట యాభై రూపాయల నుంచి మొదలు. కొత్తవాళ్లెవరైనా 'డైమండ్ బ్లేడు' అన్న మాట విని నవ్వితే మా నాయన ఊరుకునేవాడు కాదు. "నవ్వుతావేంటికప్పా? తొలకరి పడితే చాలు, సద్దిమూటలు కట్టుకుని జనం జొన్నగిరి, తుగ్గలి చేలల్లో నడుములు పడిపోయేలా వెతికేది వీటినే గదా. నా గోడకు ఊరికే వేలాడుతుండాయి" అనేవాడు.

మాది కర్నూలుకూ నంద్యాలకూ మధ్యన ఒక చిన్న ఊరు. సిమెంటు, మేకులు, పైపులు, రంగులు అమ్ముతాం. బేతంచెర్ల బండల గనులు ఎంతో దూరం లేవు కాబట్టి రాయి కోసేవాళ్లకూ, పరిచేవాళ్లకూ మా చుట్టుపక్కల కొదవ లేదు. నేను డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, చివరికి అంగట్లో కూర్చున్నది 1990ల్లో. చేతిలో పట్టుకుని రాయి కోసే చిన్న కరెంటు మిషన్లు మా వైపు అప్పుడప్పుడే వస్తున్నాయి. దాన్ని అందరూ మార్బుల్ కట్టరంటారు, మార్బుల్ కోసినా కోయకపోయినా. అంతకుముందు బండ కావాల్సిన కొలతకు రావాలంటే ఉలి, సుత్తే. గీత గీసి, గీత వెంబడి టక్ టక్ మని కొట్టుకుంటూ పోతే పూట గడిచేది. మిషను వచ్చాక ఆ పూట పని పావుగంటకు దిగింది. టక్ టక్ చప్పుడు పోయి, పళ్లు జివ్వుమనిపించే కూత వచ్చింది.

నాయనకు ఒక అలవాటుండేది. ఎవరొచ్చి బ్లేడు అడిగినా చెయ్యి గోడ మీదికి పోదు. ముందు కళ్లజోడు సవరించుకుని, "ఏం కోస్తావప్పా?" అని అడిగేవాడు. బండా, గ్రానైటా, టైలా, ఇటుకా? తడిపి కోస్తావా, పొడిగానా? ఏ మిషను? ఎంత మందం? ఆచారిగారు నాడి చూసినట్టుండేది. అవతల తూకం దగ్గర మేకులవాడు, సిమెంటు బస్తాలవాడు నిలబడి ఉండేవాళ్లు. నాకేమో తల కొట్టేసినట్టుండేది. బ్లేడు అడిగితే బ్లేడు ఇవ్వక ఈ విచారణ ఏంటని. "సబ్బు కొనేవాణ్ణి ఏం తోముకుంటావని అడుగుతామా?" అని ఒకసారి అననే అన్నాను. ఆయన ఆ రోజు జవాబు చెప్పలేదు. మధ్యాహ్నం భోజనమయ్యాక సీసాలోంచి ఒక శెనక్కాయల చిక్కీ తీసి నా చేతిలో పెట్టాడు.

"బ్లేడంటే ఇదే. శెనక్కాయలు వజ్రాలు. బెల్లం పాకం లోహం."

ఆ చిక్కీ పాఠం నాకు ఇప్పటికీ అన్నం పెడుతోంది. డైమండ్ బ్లేడు కత్తిలా కోయదు. అది రాయిని గీకి గీకి పిండి చేసుకుంటూ దారి చేసుకుంటుంది. ఉక్కు చక్రం అంచున లోహపు పొడినీ, వజ్రపు నలుసుల్నీ కలిపి, వేడి చేసి, అదిమి గట్టిపరుస్తారు. కోసేటప్పుడు బయటికి పొడుచుకొచ్చిన వజ్రాలు రాయిని గీకుతాయి. గీకి గీకి మొద్దుబారతాయి. అలా మొద్దుబారినవి రాలిపోయి, లోపలున్న కొత్తవి బయటికి రావాలంటే చుట్టూ ఉన్న పాకం అరగాలి. అది అరగకపోతే మొద్దు వజ్రాలు అలాగే కూర్చుంటాయి. మరీ తొందరగా అరిగితే ఇంకా పని చేయాల్సిన వజ్రాలు కూడా రాలిపోతాయి.

కిటుకంతా ఇక్కడే ఉంది. గ్రానైట్ గట్టి రాయి. వజ్రాన్ని తొందరగా మొద్దు చేస్తుంది, కానీ దాని పొడి సన్నగా ఉండి పాకాన్ని పెద్దగా అరగదీయదు. కాబట్టి గ్రానైట్‌కు లేత పాకం కావాలి. ఇటుక, ఇసుకరాయి, పచ్చిగా ఉన్న కాంక్రీటు లాంటివి మెత్తనే గానీ గరుకు. సానరాయి లాగా పాకాన్ని గీరి పారేస్తాయి. వాటికి ముదురు పాకం కావాలి. ఎవరైనా తలకిందులుగా అనుకునే సంగతి ఇది. గట్టి రాయికి మెత్త బ్లేడు, గరుకు రాయికి గట్టి బ్లేడు. మా వైపు బేతంచెర్ల బండ గానీ, కడప బండ గానీ, అటు తాండూరు బండ గానీ అన్నీ సున్నపురాయి జాతివే. మెత్తనివీ, నున్ననివీ. వాటి దగ్గర మామూలు మార్బుల్ బ్లేడు హాయిగా నడుస్తుంది. మా మేస్త్రీలకు ఆ హాయి అలవాటై, అదే బ్లేడుతో గ్రానైట్ మీదికి పోతారు. రెండడుగులు కోసేసరికి బ్లేడు కుయ్యో మొర్రో అంటుంది. "మీ బ్లేడు నాసిరకం" అని అంగడి మీదికొస్తారు.

మా అమ్మ దగ్గర కూర్చుని వింటోంది. "ఇంత చెప్పాల్నా? రోటికి గాట్లు పెట్టించినట్టే గదా" అంది. నిజమే. రోలు అరిగి నున్నగైతే పప్పు నలగదు. వీధిలో రోళ్లకు గాట్లు పెట్టేవాళ్లు వస్తే పిలిచి ఉలితో గాట్లు పెట్టించేవాళ్లు. మంచి బ్లేడు తన గాట్లు తానే పెట్టుకుంటుంది. అది పెట్టుకోలేకపోతే మనం పెట్టాలి. ఒక సిమెంటు ఇటుకనో, ఇసుకరాయి ముక్కనో తీసుకుని నాలుగైదు సార్లు అందులోకి దింపితే పై పాకం అరిగి కొత్త వజ్రాలు తేలతాయి. చాలామంది ఇది తెలియక బతికున్న బ్లేడును పారేస్తారు.

ఈ వజ్రాలు చేలల్లో దొరికినవి కావు లెండి. ఒకప్పుడు కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో జనం తవ్వి తీసిన వస్తువు ఇది. పద్దెనిమిదో శతాబ్దం తొలినాళ్లలో బ్రెజిల్‌లో బయటపడే దాకా ప్రపంచానికి వజ్రమంటే దాదాపు మన దేశానిదే. 1955లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ కార్బన్‌ను విపరీతమైన వేడిలో, ఒత్తిడిలో పెట్టి వజ్రం తయారు చేశామని ప్రకటించింది. ఆ దారిలోనే చివరికి వజ్రం మా ఊరి అంగట్లో మేకుకు వేలాడేదాకా వచ్చింది. నాయనకు ఈ సంగతి చెబితే, "అయితే జొన్నగిరికి పోయేవాళ్లకు చెప్పొద్దులే, పాపం" అన్నాడు.

ఇంత తెలిసినవాణ్ణి నేను. 2006 వేసవిలో జరిగింది చెబుతాను.

నాయనకు మోకాళ్ల నొప్పులు ముదిరి ఇంటిపట్టునే ఉంటున్న రోజులు. పెళ్లిళ్లు, గృహప్రవేశాల కాలం. అంగట్లో ఇసుక వేస్తే రాలదు. సాయంత్రం ఐదు దాటాక ఒక కుర్రాడు పరుగు పరుగున వచ్చాడు. ఇరవై రెండేళ్లుంటాయి. బండలు పరిచే మేస్త్రీ కింద పని నేర్చుకుని కొత్తగా సొంతంగా పనులు ఒప్పుకుంటున్నవాడు. ఏడాది కిందటే పెళ్లయింది. "అన్నా, నాలుగంగుళాల బ్లేడు ఒకటియ్యి. గట్టిదియ్యన్నా. ఇది అరిగిపాయె, రేప్పొద్దున వాళ్లింట్లో పాలు పొంగించాల" అన్నాడు.

గట్టిది అన్నాడు. గట్టిదే ఇచ్చాను. లావు పళ్లది, ఇటుకా కాంక్రీటూ కోసేది, ముదురు పాకంది. ఏం కోస్తావని అడగలేదు. అడగడానికి పట్టేది ఎంతసేపు? మూడు సెకన్లు. అవతల ఒకాయన పెయింటు డబ్బా రంగు నప్పలేదని అరుస్తున్నాడు. డబ్బులు తీసుకున్నాను, చిల్లర ఇచ్చాను.

అతను కోయాల్సింది వంటగది గట్టుకు వేసే గ్రానైట్ రాయి. తరవాత నలుగురూ చెప్పింది కలిపి చూస్తే జరిగింది ఇది. మొదటి అడుగు ఎలాగో తెగింది. తరవాత బ్లేడు జారడం మొదలుపెట్టింది. నిప్పురవ్వలు వస్తున్నాయి గానీ రాయి తెగడం లేదు. నీళ్లు పోసే మనిషి లేడు, పొడిగానే కోస్తున్నాడు. తెగడం లేదని బరువంతా వేసి నొక్కాడు. నొక్కేకొద్దీ వేడి, వేడికి చక్రం వంపు తిరిగి కోతలో బిగుసుకుంది. బిగుసుకున్న చక్రం మిషన్‌ను వెనక్కి, పైకి విసిరికొట్టింది. మిషనుకు ఉండాల్సిన రేకు కాపు ఎప్పుడో ఊడదీసి ఉంది. ఎడమ చేత్తో రాయి కదలకుండా పట్టుకుని ఉన్నాడు.

నాలుగంగుళాల బ్లేడు కదా, ఎంతలే అనుకుంటాం. ఆ మిషను నిమిషానికి 12 వేల చుట్లు తిరుగుతుంది. లెక్క వేస్తే బ్లేడు అంచు వేగం గంటకు 230 కిలోమీటర్లకు దగ్గరగా వస్తుంది. మన రోడ్ల మీద ఏ బండీ అంత వేగంతో పోదు.

కర్నూలుకు తీసుకెళ్లారు. చెయ్యి నిలిచింది. చిటికెన వేలు, ఉంగరం వేలు నరాలు తెగి, కుట్టినా మళ్లీ వంగలేదు. మర్నాడు ఆ ఇంట్లో పాలు పొంగాయి. గట్టు మీద రాయి లేకుండానే.

వాళ్ల మనిషి ఎవరో ఆ బ్లేడును తెచ్చి అంగడి బల్ల మీద పెట్టి వెళ్లాడు. తిట్టలేదు. ఊరికే పెట్టి వెళ్లాడు. రాత్రి ఇంటికి తీసుకెళ్లి నాయనకు చూపించాను. ఉక్కు వేడికి కమిలి నెమలి మెడలాగా నీలంగా ఉంది. నాయన బొటనవేలితో అంచు తడిమాడు. గరుకుగా తగలాల్సింది, అద్దంలా ఉంది. వజ్రాలన్నీ మొద్దుబారి, పాకం అరగక, అట్లాగే గడ్డకట్టుకుని ఉన్నాయి.

"ఏం కోస్తాడని అడిగినావా?" అన్నాడు.

లేదన్నాను. ఆయన ఇంకేం అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తెల్లారి మోకాళ్లు పట్టుకుంటూ అంగటికి వచ్చి, ఆ నీలం బ్లేడును గోడకు, నా కుర్చీకి ఎదురుగా, ఒక మేకు కొట్టి తగిలించాడు. ఆయన పోయి పన్నెండేళ్లయింది. మేకు అట్లాగే ఉంది, బ్లేడూ అట్లాగే ఉంది.

తప్పంతా బ్లేడుదే అనను. రేకు కాపు లేదు. నీళ్లు లేవు. రాయికి కింద సరైన ఆధారం లేదు. ఒక చేత్తో మిషను పట్టుకోవడమేంటి, మరో చేత్తో రాయి పట్టుకోవడమేంటి? రేప్పొద్దున్నే పాలు పొంగాలన్న ఆ ఇంటివాళ్ల తొందరకు కూడా వాటా ఉంది. ఇవన్నీ నేను ఎన్నోసార్లు లెక్కేసుకున్నాను. ఎన్ని వాటాలు తీసేసినా నా వాటా ఒకటి మిగులుతూనే ఉంది.

ఆస్పత్రి ఖర్చుకు కొంత ఇచ్చాను. అతను అప్పుగా తీసుకుంటానన్నాడు. రెండేళ్లు పట్టింది గానీ రూపాయితో సహా తీర్చేశాడు. నేను తీసుకున్నాను. వద్దంటే ఎందుకు వద్దంటున్నానో చెప్పాల్సి వస్తుంది కదా, అందుకని తీసుకున్నాను.

ఆర్నెల్ల తరవాత అతను మళ్లీ పనిలోకి వచ్చాడు. బరువు రాళ్లు ఎత్తలేడు కాబట్టి టైల్స్ వైపు తిరిగాడు. మెల్లగా కింద నలుగురు పనివాళ్లు చేరారు. ఇప్పుడు మా ఊళ్లో మంచి టైల్స్ మేస్త్రీ ఎవరంటే మొదట అతని పేరే చెబుతారు. అంగటికి వస్తే ఏం కోయబోతున్నాడో నేను అడగకముందే చెబుతాడు. బ్లేడు తీసుకుని వెలుతురుకు పట్టి చూసి, బాణం గుర్తు ఎటుందో చూసుకుని మరీ జేబులో పెట్టుకుంటాడు. ఆ బాణం సంగతి చాలామంది పట్టించుకోరు. వాడిన బ్లేడు అంచును భూతద్దంలో చూస్తే ఒక్కో వజ్రం వెనకాల తోకచుక్క తోకలాగా కొంచెం లోహం మిగిలి ఉంటుంది. అది వజ్రానికి ఆనుడు గోడ. బ్లేడును తిప్పి బిగిస్తే ఆ ఆనుడు ఎదురు వైపుకు పోయి, వజ్రం తొందరగా ఊడిపోతుంది.

పోయినేడాది మా పై అంతస్తు వేశాం. పెళ్లై బెంగళూరులో ఉంటున్న మా అమ్మాయి, అల్లుడు ఇక్కడికే వచ్చేస్తామన్నారు. పని అతనికే అప్పజెప్పాను. ఒకే ఇంట్లో నాలుగు రకాల కోతలు పడ్డాయి. అంగడివాడి ఇల్లు కాబట్టి బ్లేడ్లకు కొరత లేదు. ఇంకొకరింట్లో అయితే నాలుగింటికీ ఒకే బ్లేడు తిరిగేది, అది వేరే మాట.

మొదట కరెంటు పైపులకు గోడల్లో గాడి కొట్టాలి. ఇటుక, దాని మీద సిమెంటు పూత. పళ్ల బ్లేడు పని ఇది. పళ్ల మధ్య సందుల్లోంచి గాలి ఆడుతుంది, చక్రం చల్లబడుతుంది, పొడి బయటికి పోతుంది. లోపలంతా గోడే కాబట్టి అంచు కొంచెం చిట్లినా ఫరవాలేదు, ఎలాగూ సిమెంటు పూస్తారు. ఇక్కడ నీళ్లు పోయడం కుదరదు. పొడి కోత కోసేటప్పుడు అతను పది పదిహేను సెకన్లు కోసి, బ్లేడును బయటికి తీసి గాలిలో ఊరికే తిప్పి, మళ్లీ దింపేవాడు. మెట్లకు వేసే బేతంచెర్ల బండలకు మామూలు మార్బుల్ బ్లేడు. దాని గురించి చెప్పడానికేం లేదు, బండ వెన్నలా తెగింది.

హాల్లో పరిచే విట్రిఫైడ్ టైల్స్ దగ్గర మాత్రం మాకిద్దరికీ వాదన వచ్చింది. నేను టర్బో బ్లేడు తెచ్చాను. దాని అంచు అలలు అలలుగా ఉంటుంది, తొందరగా కోస్తుంది. అతను పక్కన పెట్టేశాడు. సందుల్లేని సాదా అంచు, సన్నటి బ్లేడే కావాలన్నాడు. "మెల్లగా తెగుతుంది గదప్పా" అంటే, "మెల్లగానే తెగనీయన్నా. టైలు గాజు లాంటిది. పన్ను తగిలిందంటే అంచు పెచ్చులూడుతుంది. పెచ్చు ఊడిన టైలు మీ అల్లుడికి రోజూ కనపడతాది" అన్నాడు. నీళ్లు పోస్తూ, మొదటిసారి పైపైన రెండు మూడు మిల్లీమీటర్ల గాడి మాత్రమే గీసి, తరవాత అదే గాడిలో లోతుకు దింపాడు. కోసిన అంచు మీద వేలు పెట్టి రాసి చూశాను. తెగదు. బ్లేడ్లు అమ్మేవాణ్ణి నేను, కోసేవాడు అతను. ఇలాంటప్పుడు అమ్మేవాడు నోరు మూసుకోవడమే మంచిది.

ఇక వంటగట్టు. మా అమ్మాయి బెంగళూరులో స్నేహితురాలింట్లో తెల్లగా మెరిసే క్వార్ట్జ్ గట్టు చూసి వచ్చింది. అదే కావాలంది. రాతిపొడిని రెజిన్ జిగురుతో కలిపి అచ్చు పోసిన పలక అది. చూడ్డానికి చక్కగానే ఉంటుంది. అతను తల అడ్డంగా ఊపాడు. "అది నేను ఈడ కోయనమ్మా. కావాలంటే ఫ్యాక్టరీలోనే కొలతకు కోయించి తెప్పించుకోండి" అన్నాడు. అమ్మాయికి కోపం వచ్చింది. ఆ తరవాత నేనే చెప్పాను. ఆ పలకలో చాలావాటిలో నూటికి తొంభై పాళ్లకు పైగా సిలికానే. కోసినప్పుడు లేచే సన్నటి దుమ్ము కంటికి కనపడదు, దగ్గుతో బయటికి రాదు. ఊపిరితిత్తుల్లో కూర్చుని వాటిని గట్టిపరుస్తుంది. దాన్ని సిలికోసిస్ అంటారు, వస్తే పోయే జబ్బు కాదు. పనివాళ్లు చిన్న వయసులోనే పడిపోతున్నారని ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఆ పలకల్ని దేశంలోనే నిషేధించింది. అమ్మాయి కాసేపు ఏం మాట్లాడలేదు. తరవాత, "నల్లదే వేయండి" అంది.

అలా ఒంగోలు దగ్గర చీమకుర్తి నుంచి వచ్చే గెలాక్సీ గ్రానైట్ తెచ్చాం. నల్లటి రాయిలో ఇత్తడి రంగు చుక్కలుంటాయి. గ్రానైట్ అని పిలుస్తాం గానీ, నిజానికి అది గాబ్రో జాతి శిల అంటారు శాస్త్రం చదివినవాళ్లు. ఏ జాతైనా, గట్టిది. లేత పాకం బ్లేడు, ధారగా నీళ్లు. ఒక కుర్రాడు మూతకు రంధ్రం పెట్టిన నీళ్ల సీసాతో కోత వెంబడే నడిచాడు. నీళ్లూ కరెంటూ కలిసే చోట ఇంకో భయం ఉంది కాబట్టి, షాకు తగిలితే ఠక్కున కరెంటు ఆపేసే స్విచ్చు బిగించాకే మిషను ఆన్ చేశాడు. సింకు గుంత కోసేముందు నాలుగు మూలల్లో డ్రిల్లుతో గుండ్రటి రంధ్రాలు పెట్టాడు. మూల కత్తిరించినట్టు నిటారుగా ఉంటే రాయి ఆ మూల నుంచే బీట తీస్తుంది. గుండ్రంగా ఉంటే తీయదు. సరళరేఖలో తప్ప బ్లేడు ఒంపులు తిరగదు, తిప్పాలని చూస్తే ఏమవుతుందో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ రోజు గట్టు బిగించడం అయ్యేసరికి చీకటి పడింది. పనివాళ్లు వెళ్లిపోయారు. అతను కొత్త రాయిని గుడ్డతో తుడుస్తున్నాడు. ఎడమ చేతి రెండు వేళ్లూ వంగవు కాబట్టి గుడ్డను మూడు వేళ్లతో పట్టుకుంటాడు. నేను టీ తెచ్చి ఇచ్చాను. ఇన్నేళ్లుగా గొంతులో ఉన్నది ఆ పూట ఎందుకో బయటికి వచ్చేసింది.

"ఆ పొద్దు నేను నీకు ఇచ్చిన బ్లేడు తప్పుదప్పా. గ్రానైట్‌కు ఇచ్చేది కాదు. ఏం కోస్తావని నేను అడగలేదు."

తుడవడం ఆపలేదు. "తెలుసన్నా" అన్నాడు.

"ఎప్పటి నుంచి?"

"మల్లా పనిలోకొచ్చినప్పుడే. పెద్దాయన ఇంటికి పిలిపించినాడు. చిక్కీ తెచ్చి కూచోబెట్టి చెప్పినాడు. బ్లేడు మావాడే తప్పిచ్చినాడప్పా అని కూడా ఆయనే చెప్పినాడు."

నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు. నాయన ఒక్కనాడూ నాకు ఆ మాట చెప్పలేదు. "మరి నన్నెందుకు అడగలేదు? నా అప్పు ఎందుకు తీర్చినావు?" అన్నాను.

"గట్టిదియ్యమన్నది నేనే గదన్నా" అని టీ తాగి, గ్లాసు కడిగి పెట్టి, వెళ్లిపోయాడు.

ఇప్పుడు నేను అందర్నీ అడుగుతున్నాను. ఏం కోస్తావప్పా, తడిపా, పొడిగానా, రేకు ఉందా ఊడదీసినావా అని. విసుక్కునేవాళ్లు విసుక్కుంటారు. కట్టె కోసే పళ్ల చక్రాన్ని మార్బుల్ కట్టరుకు బిగించాలని అడిగేవాళ్లు నెలకొకరైనా వస్తారు. ఇవ్వను. ఏడంగుళాల బ్లేడు నాలుగంగుళాల మిషనుకు పట్టించాలి, అందుకే రేకు తీసేశామని చెప్పేవాళ్లూ ఉంటారు. వాళ్లకూ ఇవ్వను. ఆ పెద్ద చక్రం మీద ఎన్ని చుట్లకు మించి తిప్పకూడదో అచ్చు వేసి ఉంటుంది. చిన్న మిషను అంతకంటే ఎక్కువే తిప్పుతుంది. నేనివ్వకపోతే పక్క అంగట్లో దొరుకుతుంది, తెలుసు. రంగు చూసి బ్లేడు అడిగేవాళ్లతో మరీ తంటా. ఒక కంపెనీ ఎరుపు గ్రానైట్‌కు, ఇంకో కంపెనీ ఎరుపు టైల్స్‌కు. రంగు కాదప్పా, డబ్బా మీద రాసింది చదువు అంటే, కళ్లజోడు తేలేదంటారు.

పోయిన వారం అతని కొడుకు వచ్చాడు. పద్దెనిమిదేళ్లుంటాయి. ఐటీఐ చదువుతూ సెలవుల్లో తండ్రితో పనికి పోతున్నాడు. నేను నోరు తెరవకముందే మొదలుపెట్టాడు.

"పెదనాన్నా, రెండడుగుల విట్రిఫైడ్ టైల్స్, పన్నెండు. తడిపి కోసేది. నాలుగంగుళాల మిషను, రేకుంది. నాలుగు మాస్కులు కూడా ఇయ్యి."

"అంతా అప్పజెప్పించినాడా మీ నాయన?"

"అడక్కముందే చెప్పకపోతే అంగట్లో గంటసేపు నిలబెడతావంట."

సాదా అంచు బ్లేడు తీసి ఇచ్చాను. వెలుతురుకు పట్టి చూశాడు, అచ్చం వాళ్ల నాయనలాగే. బాణం గుర్తు మీద వేలు పెట్టి చూసుకున్నాడు. మాస్కులు సంచిలో వేసుకుంటూ, నా కుర్చీకి ఎదురుగా మేకుకున్న నీలం బ్లేడు వైపు తల ఎత్తాడు.

"అది ఏం రకం పెదనాన్నా? రంగు బాగుంది. ఎంత?"

"అది అమ్మేది కాదురా" అన్నాను.

చిల్లర లెక్కపెట్టుకుని, బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు.